సైన్స్ నుంచి వెబ్ డెవలప్‌మెంట్‌కి: చదివింది వదిలేయకుండా దారి మారడం ఎలా?

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, పోస్ట్‌డాక్‌లు, క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో పనిచేసేవాళ్లు వెబ్ డెవలప్‌మెంట్ వైపు రావాలనుకున్నప్పుడు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: ‘ఏ లాంగ్వేజ్‌తో మొదలుపెట్టాలి?’ దానికి జవాబు ఒక్క మాటలో చెప్పొచ్చు, కింద చెప్తాను కూడా. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మీరు సైన్స్‌ని వదిలేసి వస్తున్నారా, వెంటపెట్టుకుని వస్తున్నారా? వదిలేసి వస్తే, నిన్నమొన్న కోర్సు పూర్తిచేసిన వేలమంది వెనక క్యూలో నిలబడాలి. వెంటపెట్టుకుని వస్తే ఆ క్యూ చాలా చిన్నది. ఈ గైడ్ రెండో దారిలో వచ్చేవాళ్ల కోసం.

అడుగు 1: మారే ముందు పని ఎలా ఉంటుందో చూడండి

వెబ్ డెవలపర్ కొత్త కోడ్ రాస్తూ కూర్చునే సమయం బయటివాళ్లు అనుకునేంత ఉండదు. ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదివి అర్థం చేసుకోవడం, సగం సగం చెప్పిన అవసరాన్ని అడిగి అడిగి రాబట్టడం, ఒక ఫోన్‌లో బాగానే ఉండి ఇంకో ఫోన్‌లో పక్కకు జరిగిపోతున్న బటన్ వెంట పడటం, ఇలాంటివే ఎక్కువ. ఇది మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి ఉద్యోగం మానేయక్కర్లేదు. రెండు మూడు వారాంతాలు పెట్టి, మీ పరిశోధన గురించి ఒక్క పేజీ సొంతంగా తయారుచేయండి. టెంప్లేట్ వాడొద్దు. ఒక ఫొటో, ఒక టేబుల్, ఒక గ్రాఫ్ చాలు. వెబ్ పేజీల్ని ఉచితంగా ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో దాన్ని పెట్టి మీ ఫోన్‌లో తెరవండి. టేబుల్ స్క్రీన్ దాటి బయటికి పోయి ఉంటుంది. దాన్ని సరిచేస్తున్నప్పుడు చిరాకు పుట్టిందా, టైమ్ తెలియకుండా పోయిందా? మీకు కావాల్సిన సమాధానం అక్కడే దొరుకుతుంది.

ఇంకో మాట. సూపర్‌వైజర్‌తో పడటం లేదనో, పేపర్ రిజెక్ట్ అయిందనో మారాలనుకుంటుంటే, ల్యాబ్ మారడం ఇంతకంటే చిన్న వైద్యం. బాసులు, డెడ్‌లైన్లు, చివరి నిమిషంలో తలకిందులయ్యే ప్లాన్లు ఇక్కడా ఉంటాయి.

అడుగు 2: చేతిలో ఏముందో, ఏం లేదో రాసుకోండి

వెబ్ పుట్టిందే ఒక ఫిజిక్స్ ల్యాబ్‌లో. 1989లో సెర్న్‌లో పనిచేస్తూ దీన్ని ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్-లీ చదివింది ఫిజిక్సే. 1993లో సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలిపెట్టింది. మీరు రోజూ వాడే జూపిటర్ నోట్‌బుక్‌కి మూలమైన ఐపైథాన్‌ని 2001లో మొదలుపెట్టిన ఫెర్నాండో పెరెజ్ కూడా అప్పటికి ఫిజిక్స్ పీహెచ్‌డీ విద్యార్థి. ‘మనది వేరే లోకం’ అన్న బెరుకు అక్కర్లేదు.

అలాగని అంతా వచ్చేసినట్టు కాదు. పైథాన్, ఆర్, మ్యాట్‌ల్యాబ్‌లలో ఏదో ఒకటి వాడి ఉంటే లూపులు, ఫంక్షన్లు, కండిషన్లు మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు. గజిబిజి డేటాని శుభ్రం చేయడం వచ్చు. కొరుకుడు పడని డాక్యుమెంటేషన్ ఓపిగ్గా చదవడం వచ్చు. అన్నిటికంటే విలువైంది, ప్రయోగం తేడా కొట్టినప్పుడు ఒకేసారి పది మార్పులు చేయకుండా ఒక్కొక్కటే మార్చి చూసే అలవాటు. కొత్తగా వచ్చిన డెవలపర్లలో ఈ అలవాటు చాలామందికి ఉండదు.

లేనిది ఏమిటంటే, వేరేవాళ్లు కూడా చదివి, మార్చి, వాడాల్సిన కోడ్ రాసిన అనుభవం. ల్యాబ్ కోడ్ సాధారణంగా ఒక్కరు, ఒక్క పేపర్ కోసం, ఒక్క కంప్యూటర్‌లో నడిపేది. ఫైల్ పేరు చివర ‘ఫైనల్’, తర్వాత ‘ఫైనల్ 2’. వేరియబుల్ పేరు ‘ఎక్స్’. దారి మార్చడంలో అసలు కష్టం సింటాక్స్‌తో కాదు, ఈ అలవాట్లతోనే.

ఎటు వెళ్లాలో కూడా ఇక్కడే స్థూలంగా అనుకోండి. గ్రాఫులు అందంగా, స్పష్టంగా వేయడం ఇష్టమైతే ఫ్రంట్ ఎండ్ (యూజర్‌కి తెర మీద కనిపించే భాగం), అందులోనూ డేటా విజువలైజేషన్. డేటా ఎక్కడ దాచాలి, ఎలా వేగంగా తీయాలి అన్నది ఆసక్తిగా ఉంటే బ్యాక్ ఎండ్, అంటే వెనక సర్వర్‌లో నడిచే భాగం. పరిశోధన వాతావరణం వదల్లేని వాళ్లకి, పరిశోధనకి కావాల్సిన సాఫ్ట్‌వేర్ రాసే రిసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అనే ఉద్యోగం ఉంది. 2012లో బ్రిటన్‌లో ఈ పేరు పుట్టింది, ఇప్పుడు చాలా దేశాల యూనివర్సిటీల్లో కనిపిస్తోంది. ఈ నిర్ణయం తర్వాత మారినా నష్టం లేదు, కాబట్టి దీని మీద ఎక్కువ రోజులు గడపొద్దు.

అడుగు 3: నేర్చుకునే వరుస

భాష సంగతి: జావాస్క్రిప్ట్. బ్రౌజర్‌లో నడిచేది అదే కాబట్టి దీనికి పెద్దగా చర్చ లేదు. దానికి ముందు పేజీ నిర్మాణానికి హెచ్‌టీఎంఎల్, దాని రూపానికి సీఎస్ఎస్. పక్కనే మొదటి రోజు నుంచీ, కోడ్‌లో చేసిన మార్పులన్నిటి చరిత్ర దాచే గిట్. ఆ తర్వాత జావాస్క్రిప్ట్‌కే డేటా రకాలు జోడించిన టైప్‌స్క్రిప్ట్, పేజీని ముక్కలు ముక్కలుగా కట్టడానికి వాడే రియాక్ట్ లైబ్రరీ. పైథాన్ ముందే వచ్చినవాళ్లు బ్యాక్ ఎండ్‌కి ఫ్లాస్క్, ఫాస్ట్‌ఏపీఐ, జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్కుల్లో ఒకటి తీసుకుంటే కొత్త భాష భారం తగ్గుతుంది. మొజిల్లా నడిపే ఎండీఎన్ వెబ్ డాక్స్, ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్ మూడూ ఉచితమే, మూడూ మంచివే. ఫ్రీకోడ్‌క్యాంప్, ఓడిన్ ప్రాజెక్ట్‌లలో ఒకదాన్ని కోర్సుగా పట్టుకుని, సందేహం వచ్చినప్పుడు ఎండీఎన్ తెరవండి.

సైన్స్ వాళ్లకి ఇక్కడ ఒక జబ్బు ఉంటుంది. లిటరేచర్ రివ్యూ పూర్తికాకుండా ప్రయోగం మొదలుపెట్టకూడదన్నది మనకు నూరిపోసిన పాఠం. వెబ్‌లో అలా చేస్తే ఏడాది గడిచినా కోర్సులే చూస్తూ ఉంటారు. గంట చదివితే కనీసం రెండు గంటలు టైప్ చేయండి. సగమే అర్థమైన విషయంతో ముందుకెళ్లడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఉండనివ్వండి.

జావాస్క్రిప్ట్‌లో లెక్కలు తెలిసినవాళ్లను ప్రత్యేకంగా ఇబ్బందిపెట్టే సంగతులు కొన్ని ఉన్నాయి. పీహెచ్ విలువలు 7, 9, 10 ఉన్న లిస్టుని ఏమీ చెప్పకుండా సార్ట్ చేయమంటే 10, 7, 9 అని ఇస్తుంది. ఎందుకంటే, వేరే చెప్పకపోతే అది అంకెల్ని అక్షరాలుగా మార్చి డిక్షనరీ వరుసలో పేరుస్తుంది. అంకెలుగా పోల్చమని మీరే ఒక చిన్న ఫంక్షన్ ఇవ్వాలి. తేదీల్లో జనవరి సున్నాతో మొదలై డిసెంబర్ 11 అవుతుంది. లిస్టుల లెక్క కూడా సున్నా నుంచే, ఆర్, మ్యాట్‌ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లు కొన్నాళ్లు ఒకటి తేడాతో తప్పులు చేస్తారు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, అయితే ఇది పైథాన్‌లోనూ ఉన్నదే, కంప్యూటర్లు దశాంశాల్ని దాచుకునే పద్ధతి వల్ల వచ్చేది. ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుండటంతో చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చిన సంగతి బయాలజీ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. చెప్పకుండా రకం మార్చేసే సాఫ్ట్‌వేర్‌ని నమ్మకూడదని మీకు ముందే తెలుసన్నమాట.

వీటన్నిటికంటే పెద్ద మలుపు వేరే ఉంది, అక్కడ నెమ్మదిగా నడవాలి. మీ అనాలిసిస్ స్క్రిప్ట్ పైనుంచి కిందికి ఒకసారి నడిచి ఆగిపోతుంది. ఒక లైను పూర్తయ్యాకే తర్వాతి లైను. వెబ్ పేజీ అలా కాదు, తెరిచి ఉన్నంతసేపూ ఎదురుచూస్తూ ఉంటుంది. క్లిక్ ఎప్పుడొస్తుందో, సర్వర్ నుంచి డేటా ఎప్పుడొస్తుందో తెలియదు. డేటా కోసం ‘ఫెచ్’ అన్నారంటే చేతికి వచ్చేది డేటా కాదు, ‘వచ్చాక ఇస్తాను’ అన్న హామీ మాత్రమే. ఆ హామీనే ప్రామిస్ అంటారు. దాన్ని మర్చిపోయి వెంటనే తర్వాతి లైనులో గ్రాఫ్ గీస్తే ఖాళీ గ్రాఫ్ వస్తుంది, ఎర్రర్ కూడా రాకపోవచ్చు. ‘అవైట్’ అని ముందు పెడితే ఆ ఫంక్షన్ డేటా వచ్చేదాకా ఆగుతుంది, మిగతా పేజీ మాత్రం ఆగదు. యూజర్ రెండుసార్లు గబగబా నొక్కితే? మొదటి జవాబు రెండోదాని తర్వాత వస్తే? స్క్రీన్ మీద పాత డేటా మిగిలిపోతుంది. ఈ అధ్యాయానికి మిగతావాటికంటే రెట్టింపు సమయం ఇవ్వండి, ఇది కుదిరాకే రియాక్ట్ ముట్టుకోండి.

అడుగు 4: మొదటి ప్రాజెక్టు సైన్స్ డేటాతోనే

చేయాల్సిన పనుల జాబితా, కాలిక్యులేటర్, వాతావరణం యాప్ అందరి పోర్ట్‌ఫోలియోల్లోనూ ఉంటాయి. మీరు నిజమైన సైన్స్ డేటా తీసుకోండి. ఉదాహరణకి అమెరికా జియలాజికల్ సర్వే, అంటే యూఎస్‌జీఎస్, ప్రపంచంలో నమోదైన భూకంపాల జాబితాని జియోజేసన్ (మ్యాప్ మీది చోట్ల వివరాలు రాసే ఒక డేటా ఫార్మాట్) రూపంలో ఉచితంగా ఇస్తుంది. గత గంట, గత రోజు, గత ఏడు రోజులు, గత ముప్పై రోజులు, ఏది కావాలంటే అది. డేటా అడగడానికి ముందుగా నమోదై తీసుకోవాల్సిన కీ కూడా అక్కర్లేదు. లీఫ్‌లెట్ అనే ఉచిత లైబ్రరీతో మ్యాప్ వేసి, ఒక్కో భూకంపానికి ఒక్కో వృత్తం పెట్టడమే పని. వినడానికి ఒక్క సాయంత్రం పనిలా ఉంటుంది. చేస్తుంటే ఏం ఎదురవుతుందో చూడండి.

జియోజేసన్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం, మూడోది కిలోమీటర్లలో లోతు. లీఫ్‌లెట్‌కి మీరు చేత్తో ఇచ్చేటప్పుడు ముందు అక్షాంశం కావాలి. తారుమారు చేశారనుకోండి. 2011 జపాన్ భూకంపం సుమారు 38 డిగ్రీల అక్షాంశం, 142 డిగ్రీల రేఖాంశం దగ్గర వచ్చింది. 142 డిగ్రీల అక్షాంశం అనేదే ఉండదు కాబట్టి వృత్తం జపాన్ దగ్గర కనిపించదు, తప్పు దొరుకుతుంది. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి మాత్రం అక్షాంశం సుమారు 37.2, రేఖాంశం 37.0. అటూ ఇటూ మారినా చుక్క దాదాపు అక్కడే పడుతుంది! ఆ ఒక్క పాయింటుతో పరీక్షించి ‘పనిచేస్తోంది’ అనుకుంటే మునిగినట్టే. రెండూ యూఎస్‌జీఎస్ కేటలాగ్‌లో దొరుకుతాయి, రెండిటినీ టెస్టుల్లో పెట్టుకోండి. కంట్రోల్ లేకుండా ప్రయోగం చేయని మనిషి ఇలాంటి టెస్టులు ఇట్టే రాస్తారు.

తర్వాత వృత్తం సైజు. తీవ్రత లాగరిథమ్ స్కేలు. ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. వ్యాసార్థాన్ని నేరుగా తీవ్రతకి కట్టేస్తే 5, 7 పక్కపక్కన దాదాపు ఒకేలా కనిపించి చూసేవాళ్లకి తప్పు అభిప్రాయం కలుగుతుంది. శక్తికి కట్టేస్తే పెద్ద భూకంపం ఒక్కటే మ్యాప్‌ని కప్పేస్తుంది. మధ్యలో ఏది ఎంచుకున్నారో, ఎందుకో పేజీ మీద ఒక వాక్యంలో రాయండి. ఆ ఫీడులో చాలా చిన్న కంపనాలకు తీవ్రత మైనస్‌లో కూడా ఉంటుంది. అప్పుడు మీ లెక్క ప్రకారం వ్యాసార్థం మైనస్ అయి కూర్చుంటుంది. సమయం 1970 జనవరి 1 నుంచి మిల్లీసెకన్లలో వస్తుంది, యూజర్ ఉన్నచోటి టైముకి మార్చి చూపాలి.

రంగులు. లోతుని ఎరుపు నుంచి ఆకుపచ్చకి చూపిస్తే ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లకి మ్యాప్ పనికిరాదు. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా పెట్టుకున్న విరిడిస్ రంగుల వరుస ఈ సమస్య కోసమే ఉంది, అదే వాడండి. పేజీలో మామూలు సైజు అక్షరాలకి, వెనకున్న రంగుకి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలు చెప్తాయి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోనే దీన్ని కొలవొచ్చు.

ఇవన్నీ చేశాక రీడ్‌మీ ఫైలు రాయండి: ఏం చేస్తుంది, ఎలా నడపాలి, ఏ నిర్ణయాలు ఎందుకు తీసుకున్నారు, ఏం మిగిలింది. పేపర్లో మెథడ్స్ సెక్షన్ రాసినవాళ్లకి ఇది మంచినీళ్ల ప్రాయం. ఉద్యోగానికి ఎంపిక చేసేవాళ్లు లింకు తెరిచి ఒకటి రెండు నిమిషాల కంటే ఎక్కువ చూడకపోవచ్చు, ఆ కాస్త సమయంలో చదివేది ఎక్కువగా దీన్నే.

అడుగు 5: రెండో ప్రాజెక్టుకి యూజర్ ఉండాలి

మొదటిది మీకోసం. రెండోది మీ పాత ల్యాబ్‌లో ఎవరికో ఒకరికి నిజంగా పనికొచ్చేది కావాలి. మైక్రోస్కోప్ బుకింగ్, ఫ్రిజ్‌లో ఏ పెట్టెలో ఏ శాంపిల్ ఉందో వెతుక్కోవడం, రియేజెంట్ల గడువు తేదీలు, ఇలాంటి పనులు ఇప్పటికీ గోడ మీది కాగితంతోనో, అందరూ కలిసి పాడుచేసే స్ప్రెడ్‌షీట్‌తోనో నడిచే ల్యాబులు ఎన్నో. లాగిన్, డేటాబేస్, తప్పు ఎంట్రీని అడ్డుకోవడం, ఇద్దరు ఒకే టైముకి బుక్ చేస్తే ఏమవ్వాలి అన్నవన్నీ ఇందులోనే నేర్చుకుంటారు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ ఒకటి, దాన్నుంచి డేటా అడిగే భాష ఎస్‌క్యూఎల్ తగినంత వస్తే చాలు.

వాడేవాళ్లని పక్కన కూర్చుని చూడండి, నోరు మెదపకుండా. మీరు ఎంతో కష్టపడి పెట్టిన బటన్ వాళ్లకి కనిపించదు. అది చూసి ఓర్చుకోవడం ఈ వృత్తిలో సగం చదువు.

ఒక హెచ్చరిక: ప్రచురించని ల్యాబ్ డేటా, పేషెంట్ల సమాచారం, సంస్థకి హక్కున్న కోడ్ బయట పెట్టొద్దు. రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లేదంటే ఉత్తుత్తి డేటా తయారుచేసి డెమో చూపించండి.

అడుగు 6: వేరేవాళ్ల కోడ్‌లోకి దిగండి

మీరు యూజర్‌గా ఎరిగిన సాధనాల్లో చాలా వాటి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. జూపిటర్‌ల్యాబ్ ముందుభాగం టైప్‌స్క్రిప్ట్‌లో ఉంది. జీనోమ్ చూసే జేబ్రౌజ్ 2 రియాక్ట్‌తో కట్టింది. ప్రోటీన్ల నిర్మాణం బ్రౌజర్‌లో తిప్పి చూపే మోల్‌స్టార్, నెట్‌వర్కులు గీసే సైటోస్కేప్ జేఎస్ కూడా ఇలాంటివే. సాధారణ డెవలపర్‌కి ఇంట్రాన్ అంటే ఏమిటో వివరించాలి, మీకు అక్కర్లేదు. మొదట డాక్యుమెంటేషన్‌లో తప్పు సరిచేయండి. తర్వాత ఎవరో రిపోర్ట్ చేసిన బగ్‌ని మీ కంప్యూటర్‌లో మళ్లీ పుట్టించి, ఏ వెర్షన్‌లో, ఏ బ్రౌజర్‌లో, ఏ మెట్లతో వస్తుందో రాసి పెట్టండి. కోడ్ ఒక్క లైను రాయకపోయినా, ఆ ప్రాజెక్టుని చూసుకునే మెయింటెయినర్లకి ఇది పెద్ద సాయం.

బగ్ పట్టే పద్ధతి మీకు కొత్తది కాదు. పేజీలో డేటా రావడం లేదంటే డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. రిక్వెస్ట్ అసలు వెళ్లిందా? వెళ్తే జవాబు 200 వచ్చిందా, 404 వచ్చిందా, 500 వచ్చిందా? 404 అయితే చాలాసార్లు అడ్రస్ తప్పు, 500 అయితే గొడవ సర్వర్ వైపు, 200 వచ్చి కూడా కనిపించకపోతే వచ్చిన డేటా మీరనుకున్న ఆకారంలో లేదేమో చూడాలి. ఒక్కో పరిశీలనతో కొన్ని అనుమానాలు తప్పుకుంటాయి.

ఏఐ సంగతి అడక్కుండా ఎవరూ వదలరు. వాడండి, కానీ నేర్చుకునే దశలో కోడ్ రాయించుకోవడం కంటే మీరు రాసింది విమర్శించమని అడగడం మేలు. అది ఇచ్చిన కోడ్‌లో ఏ లైనైనా ఎందుకుందో చెప్పలేకపోతే పెట్టొద్దు. చూడ్డానికి సరిగ్గా ఉండి లోపల తప్పున్న ఫలితాన్ని అనుమానించడం మీకు వృత్తిలోనే అబ్బింది. మామూలు పేజీలు ఏఐ చకచకా రాసేస్తున్న ఈ రోజుల్లో, ఆ భూకంపాల మ్యాప్‌లో ఏది తప్పో చెప్పగలిగిన మనిషి విలువ తగ్గలేదనే నా నమ్మకం.

అడుగు 7: రెజ్యుమే, దరఖాస్తు, ఇంటర్వ్యూ

అకడమిక్ సీవీ పంపొద్దు. ఒకటి, మహా అయితే రెండు పేజీలు. పబ్లికేషన్ల జాబితా మొత్తం ఒక్క లైనుకి కుదించండి. ‘ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా అనాలిసిస్ చేశాను’ అంటే హెచ్‌ఆర్‌కి ఏమీ అర్థం కాదు. ‘చేత్తో సరిచూస్తున్న డేటాని స్క్రిప్టుగా మార్చాను, ల్యాబ్‌లో అందరూ వాడేలా డాక్యుమెంటేషన్ రాసి, కొత్తగా చేరినవాళ్లకి నేర్పించాను’ అంటే అర్థమవుతుంది. నిజంగా కొలిచిన అంకె ఉంటే పెట్టండి, లేకపోతే ఊరుకోండి.

దరఖాస్తులు పంపేటప్పుడు మీ చదువు లాభంగా కనిపించే చోట్ల నుంచి మొదలుపెట్టండి: ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలు, జీనోమిక్స్, మెడికల్ డేటా, వాతావరణం, ఎనర్జీ, సైంటిఫిక్ పబ్లిషింగ్, యూనివర్సిటీ రిసెర్చ్ సాఫ్ట్‌వేర్ బృందాలు. మీ పాత ల్యాబ్‌కి పరికరాలు అమ్మే కంపెనీలకి కూడా వెబ్ టీమ్‌లు ఉంటాయి, ఇది చాలామందికి తట్టదు. ప్రకటనలో అడిగినవన్నీ రాకపోయినా, సగానికి పైగా వస్తే పంపేయండి. తెలిసినవాళ్ల ద్వారా వెళ్లిన దరఖాస్తుని ఎవరో ఒకరు చదువుతారు. మీకంటే ముందు ల్యాబ్ వదిలి వెళ్లిన సీనియర్లు ఇప్పుడెక్కడున్నారో వెతికి పలకరించండి.

ఇంటర్వ్యూలో ‘సైన్స్ ఎందుకు వదిలేశారు?’ అని అడుగుతారు. పాత చోటు మీద ఫిర్యాదులు చెప్పొద్దు. ‘ప్రయోగం కంటే, ఆ డేటాని నలుగురూ వాడుకునేలా చేసే టూల్ కట్టడంలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగింది, ఇదిగో కట్టింది’ అని లింకు చూపించండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, ఎలా కనుక్కుంటారో పైకి ఆలోచిస్తూ చెప్పండి. పీహెచ్‌డీ వైవాలో లాగా ప్రతి వాక్యానికీ నాలుగు మినహాయింపులు జోడిస్తే మాత్రం ఎదుటివాళ్లకి మీకు నమ్మకం లేదనిపిస్తుంది.

చదువులో ఎంత పైకి వెళ్లినా మొదటి ఉద్యోగం జూనియర్ హోదాలో రావచ్చు, మీకంటే పదేళ్లు చిన్నవాళ్లు కోడ్ రివ్యూ చేయొచ్చు. దీనికి ముందే మనసు సిద్ధం చేసుకోండి. డబ్బు విషయంలో ఒక్కటే చెప్తాను: కొన్ని నెలల ఖర్చు చేతిలో లేకుండా ఉన్న ఉద్యోగం మానేయొద్దు. సాయంత్రాలు నేర్చుకుంటే ఆలస్యమవుతుంది, కానీ ఆ టెన్షన్ ఉండదు.

చేరాక మొదటి నెలలు

మీ మార్పుల్ని టీమ్ కోడ్‌లో కలపమని పంపే అభ్యర్థనని పుల్ రిక్వెస్ట్ అంటారు. మొదటి పుల్ రిక్వెస్ట్‌కి ఇరవై కామెంట్లు రావచ్చు. అవి పేపర్‌ని రిజెక్ట్ చేసే రివ్యూయర్ కామెంట్లు కావు, అదే టీమ్‌లో పక్కన కూర్చునేవాళ్లవి. ప్రతిదానికీ పేరాలు పేరాలు సమాధానం రాయక్కర్లేదు. సరిచేసి ‘చేశాను’ అంటే చాలు, ఒప్పుకోకపోతే ఒక్క వాక్యంలో కారణం చెప్పండి. మార్పులు చిన్నవిగా పంపండి. అన్నీ పర్ఫెక్ట్ అయ్యేదాకా మూడు వారాలు దాచుకుని ఒకేసారి బయటపెట్టడం థీసిస్ అలవాటు, ఇక్కడ అందరికీ తలనొప్పి.

చేరిన రోజు ప్రాజెక్టుని మీ కంప్యూటర్‌లో నడిపించడానికి ప్రయత్నిస్తున్నప్పుడు, ల్యాబ్ నోట్‌బుక్‌లో రాసినట్టే, ఎక్కడ ఏ ఎర్రర్ వచ్చిందో, ఎలా పోయిందో వరుసగా రాసుకోండి. రీడ్‌మీలో ఆ మెట్టు లేకపోవడం వల్లే మీరు ఇరుక్కుని ఉంటారు. దాన్ని చేర్చి పంపితే మీ మొదటి పుల్ రిక్వెస్ట్ అదే అవుతుంది.